చెవి వెనక పాయ

దుప్పటికి ఒక కొస నిదానం చేతిలో, రెండో కొస బొంగురమ్మ చేతిలో. ఆస్పత్రి బట్టలు ఉతికే పెద్ద షెడ్డు అది. ఇస్త్రీ రోలరు లోంచి వేడివేడిగా బయటికొచ్చిన దుప్పటిని ఇద్దరూ పట్టుకుని విదిలించాలి, ఒకరి వైపు ఒకరు నడవాలి, కొసలు కలపాలి, మడత పెట్టాలి. పొద్దస్తమానం ఇలా దగ్గరికి రావడం, దూరం జరగడం. "మీ ఇద్దరి సరసం చూడలేక చస్తున్నాను" అని మేస్త్రి ఎప్పుడూ ఏడిపిస్తుంటాడు.

ఆ రోజు దగ్గరికి వచ్చినప్పుడల్లా బొంగురమ్మ ముక్కు ఎగబీల్చింది. చివరికి దుప్పటి సగంలో ఆగిపోయింది.

"ఏమే, తడిగుడ్డ ఏదన్నా జేబులో పెట్టుకుని మరిచిపోయావా?"

"లేదు వదినా."

"మరి ఈ కంపేంటి? వానలో నానిన గోనెసంచిలా?"

నిదానం చెయ్యి తనంతట తనే కుడి చెవి వెనక్కి పోబోయింది. ఆపుకుంది.

"దుప్పట్లలోంచేమో."

"ఉడకబెట్టి, పిండి, రోలరు కింద నలగ్గొట్టిన దుప్పట్లో కంపెక్కడిదే? నీ దగ్గరికొస్తేనే కొడుతోంది. ఏమీ అనుకోకు. తల కడుక్కుని ఎన్నాళ్లయింది?"

"మొన్ననే కదా."

"అబద్ధమాడినా అతికినట్టుండాలి" అంది బొంగురమ్మ ఆ గరగరలాడే గొంతుతో.

అది అబద్ధం కాదు. మొన్న నిజంగానే తల కడుక్కుంది నిదానం. తలంతా కడుక్కుంది, ఆ ఒక్క పాయ కుదురు తప్ప.

నిదానం జుట్టు అందరి జుట్టులా ఉండదు. వేలి లావున పాయలు పాయలుగా జడలు కట్టి, వీపు సగం దాకా వేలాడుతుంది. డ్రెడ్‌లాక్స్ అంటారు. మేస్త్రి మటుకు జడలబర్రె అంటాడు. దువ్వే పని లేదు కాబట్టి బద్ధకస్తుల జుట్టని చూసేవాళ్లు అనుకుంటారు. సాకేవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ. తక్కువ నురగ వచ్చే సబ్బుతో కడగాలి. ఒక్కో పాయనూ పిండి, లోపలి తేమ పోయేదాకా ఆరబెట్టాలి. కుదుళ్ల దగ్గర పక్కపక్క పాయలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా వేళ్లతో విడదియ్యాలి. కొత్తగా పెరిగిన జుట్టును మెలితిప్పి పాయలోకి చేర్చాలి. గట్టిగా తిప్పితే కుదురు పలచబడి పాయే ఊడొస్తుంది, వదులుగా తిప్పితే రేగిపోతుంది. నిదానం ఇదంతా ఒక్క వారం తప్పకుండా చేసింది. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే ఆమెకు చేతనయిన పని. అందుకే చిన్నప్పుడే తల్లి ఆమెకు నిదానం అని పేరు పెట్టింది. ఆమె వెనక పుట్టినవాడికి తుఫాను అని పెట్టింది. అసలు పేర్లు బళ్లో తప్ప ఎక్కడా వినిపించలేదు.

ఈ జుట్టు పిచ్చి మొదట తుఫానుది. గోడలకు రంగులు వేసేవాడు. రోజూ ఏదో ఒక రంగు పూసుకుని ఇంటికొచ్చేవాడు. ఒక సాయంత్రం మటుకు నెత్తి నిండా చిన్న చిన్న మెలికలతో వచ్చాడు. ఒక్కోటి వేలెడు కూడా లేదు.

"తలలో వానపాములేంట్రా?" అంది తల్లి. ఆవిడ ఇంట్లోనే కిటికీ తెరలు కుడుతుంది. మిషను ఆపకుండానే అడిగింది.

"వానపాములు కాదమ్మా, చంటిపిల్లలు. ఇప్పుడు వీటికి మెడ కూడా నిలబడదు. కదిలిస్తే విడిపోతాయి. కొన్నాళ్లకి ముడులు పడి పాకుతాయి. ఆ తర్వాత మొండివయసు వస్తుంది. రేగిపోయి, ఎటంటే అటు లేచి, చూసినవాడల్లా ఛీ అంటాడు. చాలామంది అప్పుడే విసిగి గొరిగించేస్తారట. అది దాటితే పెద్దమనుషులే. బరువుగా, బుద్ధిగా, పెట్టిన చోట ఉంటాయి."

"అంటే నీకంటే ముందు నీ జుట్టుకే బుద్ధొస్తుందన్నమాట."

వాడు పగలబడి నవ్వాడు. "నడుము దాకా పెంచుతాను, చూడవే అక్కా. నువ్వే చూస్తావు."

అక్క చూసింది వేరు. ఒక బడి గోడకి ఆకుపచ్చ రంగు వేస్తుండగా పరంజా కర్ర జారింది. తలకి ఆపరేషను చెయ్యాలన్నారు. చేసేముందు జుట్టు గొరిగేశారు. ఒక నర్సు ఆ మెలికలన్నీ ఒక కవరులో వేసి, "మళ్లీ పెరుగుతుందిలే అమ్మా" అంటూ నిదానం చేతిలో పెట్టింది. ఆవిడ మంచికే అంది. కానీ తుఫాను కళ్లు తెరవలేదు. వాడి చంటిపిల్లలు పాకనన్నా పాకలేదు.

నెల తిరక్కముందే నిదానం ఆ కవరు పట్టుకుని దువ్వెనక్క దుకాణానికి వెళ్లింది. జన్మలో ఎవరి తలలోనూ దువ్వెన పెట్టని మనిషికి దువ్వెనక్క అని పేరు పెట్టింది కూడా తుఫానే. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడకి తగిలించిన అల్లికసూదులు, మూలన జుట్టు ఆరబెట్టే యంత్రం. అంతే ఆ దుకాణం.

"వీటిని పూర్తి చెయ్యాలక్కా" అంది నిదానం కవరు చూపించి.

దువ్వెనక్క కవరు విప్పి చూసింది. "తెగిన జుట్టు తనంతట తను జడ కట్టదమ్మా. బతికున్న జుట్టు చుట్టూ చేరితేనే కడుతుంది."

"అయితే నా తలలో పెట్టు."

ఆ రోజే నిదానం పొడుగాటి జుట్టు తమ్ముడి జుట్టంత పొట్టిగా కత్తిరించింది దువ్వెనక్క. తలంతా చదరాలు చదరాలుగా పాపిళ్లు తీసి, ఒక్కో చదరాన్నీ మెలితిప్పింది. కవరులో చెక్కుచెదరకుండా ఉన్న మెలిక ఒక్కటే దొరికింది. దాని మీద ఆకుపచ్చ రంగు చుక్క ఎండిపోయి ఉంది, ఆవగింజంత. దువ్వెనక్క దాన్ని నిదానం కుడి చెవి వెనక మెలికలో కలిపి, సూదితో అటూ ఇటూ లాగి బిగించింది.

"పట్టు పడేదాకా దీన్ని తడపకు. తడిస్తే వాడిది జారిపోతుంది. తల కడుక్కునేటప్పుడు దీనికి మాత్రం కవరు చుట్టుకో."

"సరేనక్కా."

పట్టు పడిందని ఎప్పుడు అనుకోవాలో దువ్వెనక్క చెప్పలేదు. నిదానం అడగలేదు. కుదుళ్లు తిప్పించుకోడానికి వెళ్లినప్పుడల్లా, "ఆ పాయ నేనే చూసుకుంటానక్కా, దాన్ని ముట్టుకోకు" అనేది. దువ్వెనక్కా ముట్టుకునేది కాదు. ఒకరి దుఃఖంలో వేలు పెట్టడం ఆవిడకి ఇష్టం లేదు.

మొదట్లో గోటితో తడిమితే ఆ రంగు చుక్క చెవి వెనక గరుకుగా తగిలేది. ముక్కు దగ్గరికి లాక్కుంటే టర్పెంటైన్ వాసన వేసేది. తుఫాను పని నుంచి వచ్చి చొక్కా విప్పినప్పటి వాసన. తర్వాత పాయ ముడులు పడి, ఉబ్బి, మొండివయసుకొచ్చింది. చుక్క లోపలికి పోయింది, గోటికి అందలేదు. లోపలే ఉందిలే అనుకుంది నిదానం. ఉన్నది కాపాడాలి కదా! కవరు ముక్క చుట్టి, దాని మీద గుడ్డ టేపు బిగించేది. చెవి వెనక, సరిగ్గా వేలెడు మేర. పనిలో ఆవిరి తగులుతుందని అక్కడా తియ్యడం మానేసింది. విప్పినప్పుడల్లా నాలుగు వెంట్రుకలు టేపుతో ఊడొస్తున్నాయని వారాల తరబడి అలాగే ఉంచేసింది. మిగతా తలంతా, టేపు కింద వేలాడే కొసతో సహా, కడిగేది, ఎండలో ఆరబెట్టేది, ముద్దుగా చూసుకునేది. ఇలా మూడేళ్లు దాటిపోయాయి. మిగతా పాయలన్నీ పెద్దమనుషులై బరువుగా వీపు మీద పడుకున్నాయి. ఆ ఒక్కదాని కుదురు మటుకు ఇంకా పొత్తిళ్లలోనే ఉంది.

కొన్నాళ్లుగా అక్కడ దురద. తర్వాత మంట. ఇప్పుడు వాసన.

ఇంటికొచ్చేసరికి తల్లి గదిలో సామానంతా బయటికి లాగి ఉంది.

"ఎలక చచ్చిందేమోనని బీరువా వెనకంతా వెతికాను. లేదు. నువ్వు పొద్దున వెళ్లాక వాసన పోయింది. ఇప్పుడు మళ్లీ వచ్చింది. ఇలా రావే."

"ఏం లేదమ్మా."

"రమ్మంటే."

తల్లి ఆమె తల ఒడిలోకి వంచుకుని, తెరల కుట్లు విప్పే చిన్న కత్తితో టేపు చీల్చింది. కవరు విప్పగానే ఆ వాసన గదంతా పరుచుకుంది. తల్లి ముఖం తిప్పుకోలేదు. కవరు లోపలి వైపు నీటి బొట్లున్నాయి. పాయ బూడిద రంగుకి తిరిగి, పట్టుకుంటే మెత్తగా ఉంది. కుదురు చుట్టూ చర్మం ఎర్రగా పుండు పడింది.

"ఏం చేసుకున్నావే ఇది?" అంది తల్లి. గొంతులో కోపం లేదు. అందుకే నిదానానికి భయం వేసింది. ఇన్నాళ్లూ తల్లి తిట్టని రోజు లేదు. చచ్చినవాడి జుట్టు తలలో మోస్తే వాడు వస్తాడా, నిద్రలో ఉండగా కోసి పారేస్తాను చూడు, అని ఎన్నిసార్లు అందో. ఇప్పుడు కత్తి చేతిలోనే ఉంది. చెయ్యి మాత్రం ఒళ్లో పడి ఉంది.

"దువ్వెనక్క దగ్గరికి పోతాను. బాగుచేస్తుంది" అంది నిదానం.

దువ్వెనక్క చూసి పెదవి కొరుక్కుంది. వెనిగరు కలిపిన నీళ్లలో పాయను నానబెట్టింది. పిండితే బూడిద రంగు నీళ్లు కారాయి. మళ్లీ నానబెట్టి, మళ్లీ పిండింది. యంత్రం కింద కూర్చోబెట్టి ఆరబెట్టింది. నిదానం కళ్లు మూసుకుని ఆ వేడిలో చాలాసేపు కదలకుండా కూర్చుంది. పదోతరగతి పరీక్షల ఫలితాల కోసం కూడా అలా కూర్చోలేదు.

"ఇదంతా ఎందుకు తడిగా ఉంది? దీన్ని ఎప్పుడు కడిగావు?"

"కడగలేదు."

"అంటే?"

"నువ్వే కదక్కా తడపొద్దన్నావు."

దువ్వెనక్క చేతిలో తువ్వాలు అలాగే నిలిచిపోయింది. "ఎప్పుడో మొదటి నెలలో అన్న మాట అది. తర్వాత నేను కూడా అడగలేదు. అడగాల్సింది." కుర్చీ చేతి మీద చతికిలబడింది. "నాలుగు రోజులు చూద్దాం. బూజు కుదురులోకి పోకపోతే బతుకుతుంది."

ఆ రోజుల్లో నిదానం తలగడ మీద పడుకోలేదు. పాయకి గాలాడాలని గోడకి ఆనుకుని కూర్చునే కునికింది. పొద్దున లేవగానే, ఎవరూ చూడకుండా పాయను ముక్కుకి ఆనించుకునేది. మొదటి రోజు వెనిగరు వాసన. రెండో రోజు ఏమీ లేదు. ఆ రోజు పనిలో పాట కూడా పాడింది, బొంగురమ్మ నోరెళ్లబెట్టింది. మూడో రోజు మళ్లీ గోనెసంచి.

దువ్వెనక్క ఈసారి సూదితో కుదురు విప్పి చూసి తల అడ్డంగా ఊపింది. "తియ్యాలి. పక్క పాయకి కూడా అంటుకుంటోంది. ఆలస్యమయితే పుండు పెరిగి అక్కడ మళ్లీ జుట్టే మొలవదు. ఈరోజే కోసేద్దాం."

"కొయ్యకుండా ఇంకేదన్నా ఉంటుంది."

"ఉంటే చెయ్యనా?"

"అక్కా, అందులో వాడున్నాడు." నిదానం చెవి వెనక అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. "వాడిది ఇంకేం మిగల్లేదు. చొక్కాలు అమ్మ ఎవరికో ఇచ్చేసింది. ఫోను ఆ రోజే పగిలిపోయింది. ఇదొక్కటే ఉంది. ఇది పోతే వాడు రెండోసారి పోయినట్టే."

దువ్వెనక్క కత్తెర అందుకునేలోపు నిదానం లేచి వెళ్లిపోయింది.

తడి పోతే చాలు అనుకుంది దారంతా. తడి ఒక్కటే కదా శత్రువు. తడిని చంపేది తన షెడ్డులోనే ఉంది. ఎంత తడిసిన దుప్పటయినా రోలరు ఇవతల పెడితే అవతల అప్పడంలా వస్తుంది. వెంట్రుకలు ఏపాటి?

మర్నాడు మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయాక నిదానం షెడ్డులో ఉండిపోయింది. రోలరు ఆపరు, వేడి చల్లారితే మళ్లీ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. అది మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. నిదానం తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి, మిగతా పాయలన్నీ ఎడమ భుజం మీదికి తోసి, పక్కకి వంగింది. కుడి చెవిని ఆ వేడికి దగ్గరగా పెట్టింది. బుగ్గ కాలింది. ఓర్చుకుంది. పాయ కుదురు నుంచి సన్నగా ఆవిరి లేచింది. ఆ ఆవిరిని చూసి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పోతోంది, తడి పోతోంది! ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

పాయ పొడుగు సంగతి మరిచిపోయింది. కింద వేలాడుతున్న కొస రోలరు మీది బట్టకి తగిలి, బట్టతో పాటు లోపలికి పోయింది.

మొదట ఎవరో చెయ్యి పట్టుకుని పిలిచినట్టు చిన్న లాగు. తర్వాత తల ఒక్కసారిగా కిందికి వంగింది. రెండు చేతులతో పాయను పట్టుకుని వెనక్కి గుంజింది. యంత్రం దేన్నీ గుంజడం లేదు, తన నిదానంలో తను తిరుగుతోంది. కేక పెట్టింది.

అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చిన బొంగురమ్మ ఎర్రతాడు లాగింది. రోలరు మూలిగి ఆగింది. నిదానం ముఖానికీ ఇనుముకీ మధ్య జానెడు కూడా లేదు. వేడి కళ్లలోకి కొడుతోంది. కాలిన జుట్టు వాసన.

మేస్త్రి వచ్చాడు. ముఖం పాలిపోయింది. "కత్తెర! కత్తెరేదీ? కోసెయ్యండి ఆ పాయని!"

"కొస కొయ్యండి!" నిదానం అరిచింది. "కొస పోతే పోనీ, పైన ముట్టుకోకండి! కొస కోసెయ్ వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను, పైన మాత్రం ముట్టుకోకు!"

మేస్త్రి కత్తెర తెచ్చాడు. బొంగురమ్మ అతని చేతిని పక్కకి నెట్టేసింది.

"ఆగండి సార్. కోతకేం తొందర? కోసింది అతకదు." రోలరు పక్కనున్న చిన్న చక్రం పట్టుకుని, బలమంతా పెట్టి వెనక్కి తిప్పింది. మూలుగుతూ, ఆగుతూ, వచ్చిన దారినే కొస బయటికి జారింది. తెర అంచులా పలచగా, వేడిగా, చదునుగా. కానీ తెగలేదు.

మేస్త్రి నేల మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. "జడలబర్రె అన్నది సరదాకి. నువ్వు చస్తే నేనెవరికి చెప్పుకోవాలే?" అన్నాడు. తర్వాత గొంతు గట్టి చేసుకున్నాడు. "ఆ కుళ్లు పాయ తీయించుకుంటేనే రేపు పనిలోకి రా. ఇవి రోగుల దుప్పట్లు. నేనింకేం వినను."

బొంగురమ్మ ఆమెను ఇంటిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. తల్లి కాలిన బుగ్గ చూసింది, కొస చూసింది. మిషను మీది పెద్ద కత్తెర తీసి సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"నడు."

దువ్వెనక్క దుకాణంలో కుర్చీలో కూర్చున్నప్పుడు నిదానంలో పెనుగులాట అయిపోయింది. గట్టు మీద పడ్డ చేపకి కాసేపటికి కదలిక ఆగిపోతుంది, అలా. చెవి వెనక రెండు వేళ్లతో పట్టుకుని అద్దంలోకి చూస్తూ అంది, "ఇక్కడుంది వాడిది. దీన్ని తీసి నా చేతిలో పెట్టక్కా. కుళ్లినా సరే. కింద మిగిలిందంతా చెత్తబుట్టలో వేసెయ్."

దువ్వెనక్క తలూపింది. ఆవిడ ధ్యాసంతా పుండు మీదే ఉంది. తల్లి తన కత్తెర తీసి ఇచ్చింది. "నాది పదునుగా ఉంటుంది, ఒక్క కోతకే తెగుతుంది. దానికి నొప్పి ఉండదు." అని, కూతురి పక్కన నిలబడి పాయను చేతిలోకి తీసుకుంది. రోజూ తెర గుడ్డను చూసినట్టే చూసింది, పై నుంచి కిందికి. మళ్లీ కింది నుంచి పైకి.

"ఆగమ్మాయ్" అంది దువ్వెనక్కతో. "వాడి జుట్టు వేలెడే కదా ఉండేది?"

"అవునమ్మా."

"దాని జుట్టు కూడా అప్పుడు వేలెడే."

"అంతే."

"మరి ఈ చెవి దగ్గరున్న జుట్టు ఎప్పటిది? ఈ ఏడు మొలిచింది కాదూ?"

మూలన యంత్రం తిరుగుతోంది.

"పొడుగు చాలని తెరకి పైన గుడ్డ అతికితే, పాత అంచు కిందే ఉంటుంది గదే" అంది తల్లి కూతురితో, మెల్లగా, చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పినట్టు. "వాడి అంచు కిందికి పోయింది. నువ్వు కాపలా కాసింది నీ జుట్టుకే."

నిదానం అద్దంలో తన వేళ్లను చూసింది. ఇంకా చెవి వెనకే పట్టుకుని ఉన్నాయి. అవి ఎవరివో అన్నట్టు చూసింది. కొస కొయ్యండి, అని తను అరిచిన కేక చెవుల్లో మోగింది. కొస పోతే పోనీ. బొంగురమ్మ చక్రం తిప్పకపోతే? మేస్త్రి చెయ్యి ఇంకొంచెం ముందు పడుంటే? చెవి వెనక వేళ్లు వదిలి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది.

దువ్వెనక్క కత్తెర పక్కన పెట్టేసింది. "మూడేళ్లుగా ఈ తలే చూస్తున్నాను. నాకూ తట్టలేదు" అంది. నేల మీద మోకాళ్లు మోపి, కొస ఒళ్లోకి తీసుకుని, సన్న సూదితో విప్పడం మొదలుపెట్టింది. రోలరు నలిపిన చదును కింద పాయ గట్టిగా, ఆరిపోయి, ముదిరి ఉంది. ముడి వెనక ముడి. సూది దూరడానికే కష్టమయింది. "ఎంత పట్టు పట్టిందో చూడు" అని గొణిగింది.

ఆకుపచ్చగా ఏదో మెరిసింది. ఆవగింజంత.

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ బడి గోడ ఇప్పటికీ ఆ రంగులోనే ఉంది. ఆ వీధిలోంచి పోవాల్సొస్తే తల్లి ఇంకో వీధి చుట్టి పోతుంది.

నిదానం కొసను లాక్కుని ముక్కుకి ఆనించుకుంది. గుండెల నిండా పీల్చింది. మళ్లీ పీల్చింది. టర్పెంటైన్ లేదు. చొక్కా విప్పిన వాసన లేదు. తను మూడేళ్లుగా వారం తప్పకుండా రాసిన సబ్బు వాసన, కాస్త కాలిన వాసన, అంతే.

"వాడి వాసన లేదమ్మా" అంది. "కడిగేశాను. నేనే కడిగేశాను."

ఇంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కడుపులోంచి, దగ్గులా, ఆగకుండా. తల్లి కూతురి తలను, ఆ కంపునూ పుండునూ కలిపి, పొట్టకి అదుముకుని నిలబడింది.

"కడిగావు కాబట్టే మిగిలిందే" అంది. "నువ్వు దాచింది కుళ్లింది. మరిచిపోయి ఎండలో ఆరేసింది మిగిలింది."

కత్తెర చివరికి దువ్వెనక్కే పట్టుకుంది. తల్లి కొసను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది, తుంపర పడితే తడుస్తుందన్నంత జాగ్రత్తగా. ఎప్పుడూ కోసి పారేస్తానన్న మనిషి కళ్లు గట్టిగా మూసుకుంది. పాయ కుదురు దగ్గర ఒకసారి, బూజు ఆగిపోయిన చోటికి కింద ఇంకోసారి తెగింది. మధ్య ముక్క నేల మీద పడింది. నిదానం దాని వైపు చూడలేదు. చెవి వెనక చల్లగా, ఖాళీగా అయింది. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు చెయ్యి మాటిమాటికీ అక్కడికే పోయింది.

"మళ్లీ మొలుస్తుందా అక్కా?"

"మొలవచ్చు. మొలవకపోవచ్చు. పుండు మానితే గాని చెప్పలేను." దువ్వెనక్కకి అబద్ధాలు రావు. "వాడిదాన్ని ఇంకో మంచి పాయ కొసకి అతుకుతాను. ముందు తల కడగాలి. మందు రాసే ముందు అక్కడ శుభ్రంగా ఉండాలి."

నిదానం తొట్టి మీదికి తల వంచింది. పాయలన్నీ ముందుకి పడి వెలుగు మూసేశాయి. ఆ చీకట్లోంచి, అలవాటు చొప్పున, చెయ్యి పైకి లేచి చెవి వెనక అరచేతితో మూసింది.

"చెయ్యి తియ్యి" అంది తల్లి. చెంబు ఆవిడ చేతిలో ఉంది.

నిదానం తియ్యలేకపోయింది. తల్లి తొందరపెట్టలేదు. చెంబులో నీళ్లు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొంతసేపటికి చిటికెన వేలు లేచింది, దాని వెనక తక్కిన వేళ్లు. నీళ్లు పడ్డాయి. మూడేళ్లు తడవకుండా దాచిన చోట నిప్పు పెట్టినట్టు మండింది. నిదానం తొట్టి అంచు గట్టిగా పట్టుకుని, ఇంకా పొయ్యమంది.